కరెంటు వచ్చిన మొదటి అరనిమిషం

నేను ఇరవై ఏళ్ళ పాటు చేసిన పని, సవ్యంగా జరిగితే, అరనిమిషంలో అయిపోయేది. జరిగినట్టు కూడా ఎవరికీ తెలిసేది కాదు. మా ఆయన తన స్నేహితులకు "మా ఆవిడ కంప్యూటర్లు ఆన్ చేస్తుంది" అని చెప్పేవాడు. అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆలోచిస్తే నా ఉద్యోగం గురించి అంత సూటిగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు జీతం పెరిగింది, ఎప్పుడు సీనియర్ అయ్యాను అన్న లెక్కలు ఇందులో ఉండవు. నాకు పని నేర్పిన ఒక మనిషి గురించీ, నేను చేసిన ఒక తప్పు గురించీ ఉంటుంది.

ముందు పనేమిటో చెప్తాను. కరెంటు వచ్చిన క్షణాన కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టం డిస్కు మీద ఒక ఫైల్‌గా పడి ఉంటుంది. ఆ ఫైల్‌ని వెతికి, మెమరీలోకి తెచ్చి, మొత్తం సరిగ్గా వచ్చిందో లేదో చూసి, "ఇక నువ్వు నడుపు" అని దానికి అప్పగించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండాలి. దాన్నే లోడర్ అంటాం. మామూలు ప్రోగ్రాంకి ఏదైనా ఫైల్ కావాలంటే ఆపరేటింగ్ సిస్టంని అడుగుతుంది. లోడర్‌కి అడగడానికి ఇంకా ఎవరూ లేరు. డిస్కు మీద ఏ పేరు ఎక్కడుందో, ఏ ముక్క తర్వాత ఏ ముక్క వస్తుందో అన్నీ తనే చూసుకోవాలి. పెళ్ళివారు దిగకముందే వచ్చి, గాడిపొయ్యి తవ్వి, నిప్పు రాజేసి, భోజనాల వేళకు కనపడకుండా వెళ్ళిపోయే మనిషి ఉంటాడు చూడండి, అలాంటిది లోడర్.

ఆటోనగర్ షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య మా కంపెనీ ఉండేది. పేరు చెప్పను, ఇప్పుడు లేదు కూడా. ఊళ్ళలో పాలు పోయించుకునే కేంద్రాల్లో పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకులు వస్తున్న రోజులవి. ఆ ట్యాంకు కంప్రెసర్‌ని నడిపే చిన్న కంప్యూటర్ డబ్బాలు మేం తయారుచేసేవాళ్ళం. అందులో మా సొంత ఆపరేటింగ్ సిస్టం, మా సొంత లోడర్. తొంభైల మధ్యలో, కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, నేను అక్కడ చేరాను. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివానన్న గర్వం నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

లోడర్ రాసినాయన ఖాదర్ గారు. ఆయనకు డిగ్రీ లేదు. వన్‌టౌన్‌లో వాళ్ళ నాన్నగారి రేడియో రిపేరు కొట్టులో పెరిగాడు. టేప్‌రికార్డర్ల మీదుగా కంప్యూటర్లలోకి వచ్చి, చిప్పుల కంపెనీలు ఇచ్చే పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, చిప్పుతో నేరుగా మాట్లాడే అసెంబ్లీ భాష నేర్చుకున్నాడు. నేను చేరేనాటికి యాభై దాటాయి. తెల్ల చొక్కా, జేబులో ఒక టెస్టర్, ఒక పెన్సిలు. కంపెనీలో అందరూ స్క్రీన్ మీద కోడ్ చూస్తుంటే ఆయన కాగితం మీద ప్రింటు తీసి చూసేవాడు.

మొదటివారం ఆ ప్రింటు నా చేతికిచ్చి ఇంటికి తీసుకెళ్ళి చదువుకోమన్నాడు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కామెంట్లు ఉన్నాయి. "ఇక్కడ డిస్కు అబద్ధం చెప్పొచ్చు, నమ్మకు." "ఫ్లాపీ మోటారు ఇంకా ఊపందుకోలేదు, మూడుసార్లు అడుగు." ఇంకోచోట "ఈ లైను తీసేయాలనిపిస్తుంది, తీయకు, జూన్‌లో తెలుస్తుంది" అని ఉంది. జూన్‌లో ఏం తెలుస్తుందని అడిగాను.

"వానలు పడితే ఫ్లాపీలకి బూజు పడుద్దమ్మా. మొదటిసారి చదవదు, రెండోసారి చదవదు, చదివే హెడ్‌ని మొదటికి పంపించి మళ్ళీ అడిగితే చదువుద్ది. ఆ లైను అందుకే."

బస్సులో కూర్చుని ఆ నలభై పేజీలు రెండుసార్లు చదివాను. నా ఎమ్మెస్సీ గర్వం ఆ బస్సులోనే సగం దిగిపోయింది. అంత శుభ్రమైన కోడ్ నేను ఆ తర్వాత కూడా ఎక్కువ చూడలేదు.

ఒకరు డిస్కు, ఒకరు లోడర్

ఖాదర్ గారి దగ్గర ఒక పద్ధతి ఉండేది. లోడర్‌లో ఒక్క లైను మార్చినా, మెషీన్ మీద పెట్టేముందు ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. మార్చినవాళ్ళు లోడర్. ఎదుటివాళ్ళు డిస్కు. లోడర్ కోడ్‌లో ఉన్నదే అడగాలి, డిస్కు తన ఇష్టం వచ్చినట్టు జవాబు చెప్పొచ్చు.

"సిస్టం ఫైల్ ఉందా అండి?"

"ఉంది."

"ఎంత పెద్దది?"

"సున్నా."

"అదేంటండీ, సున్నా ఎలా ఉంటుంది?"

"నన్నడుగుతావేంటమ్మా, నేను డిస్కుని. పేరుంది, లోపలేం లేదు. ఇప్పుడేం చేస్తావు?"

నా కోడ్‌లో దానికి జవాబు ఉండేది కాదు. వెళ్ళి రాసుకుని రావాలి. రెండోరోజు మళ్ళీ కూర్చుంటే, ఫైల్ సగం ఇచ్చి మాట్లాడకుండా టీ తాగేవాడు. పాడైన డిస్కు అలాగే ఊరుకుంటుంది మరి. ఎంతసేపు ఎదురుచూస్తావు, ఎప్పుడు వదిలేస్తావు, వదిలేశాక ఎక్కడికెళతావు అన్నీ లోడర్ చెప్పాలి. మొదట్లో ఇదంతా నాకు చిన్నపిల్లల ఆటలా అనిపించి సిగ్గేసేది. పక్క టేబుల్ దగ్గర నవ్వుకునేవాళ్ళు కూడా. ఆరునెలలు తిరిగేసరికి నేను రాస్తుండగానే ఆయన గొంతు వినపడడం మొదలైంది.

మా లోడర్‌కి ఆయన పెట్టిన నియమం ఒకటే. లోడర్ చదవాలి, రాయకూడదు. డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాసే హక్కు దానికి లేదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది.

ఆపరేటర్ ఆట

ఒక కేసు చెప్తాను. ఒక కేంద్రంలో మెషీన్ స్టార్ట్ అవుతూనే స్క్రీన్ నిండా పిచ్చి గుర్తులు వస్తున్నాయని ఫోన్. డబ్బా తెప్పించి చూస్తే, అక్కడి ఆపరేటర్ డిస్కులో ఒక ఆట ఎక్కించుకున్నాడు. కొన్నాళ్ళు ఆడి, ఎవరైనా చూస్తారని చెరిపేశాడు. తర్వాత మేం పంపిన కొత్త సిస్టం ఫైల్ కాపీ చేస్తే, అది ఖాళీ దొరికినచోటల్లా ముక్కలు ముక్కలుగా సర్దుకుంది. మా లోడర్ అప్పట్లో ఫైల్ మొత్తం వరసగా ఒకేచోట ఉంటుందనుకునేది. సగం సిస్టం, చెరిపేసినా డిస్కు మీద మిగిలే ఉన్న సగం ఆట కలిపి మెమరీలోకి తెచ్చి పెట్టింది.

మా ఓనరు ప్రసాదరావు గారు మండిపడ్డాడు. "పాల కేంద్రంలో ఆటలేంటండీ? వాణ్ణి తీసేయమని చెప్పండి వాళ్ళకి!"

ఖాదర్ గారు తల అడ్డంగా ఊపాడు. "తప్పు అతనిది కాదండీ. ఫైల్ ముక్కలవకూడదని మనం ఎవరికి చెప్పాం? కరెంటు లేక ఖాళీగా కూర్చున్నవాడు, కరెంటు వస్తే ఆడుకోడా? నేనే బద్ధకించాను."

ముక్కల వెంట వెళ్ళి ఫైల్‌ని ఏరుకొచ్చే భాగం రాయమని నాకే ఇచ్చాడు. అది లోడర్‌లో నేను రాసిన మొదటి పెద్ద భాగం. వాడేవాడి మీద తప్పు తోసేయాలని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ముందు మీ కోడ్ ఏమేం ఊహించుకుందో ఒక కాగితం మీద రాసుకోండి. చాలాసార్లు కోపం అక్కడే చల్లారిపోతుంది.

ప్రసాదరావు గారి గురించి కూడా న్యాయంగా చెప్పాలి. అరిచేవాడు కానీ మనసు మంచిది. ఒకసారి మెషీన్ స్టార్ట్ అయ్యేటప్పుడు స్క్రీన్ మీద గేదె బొమ్మ రావాలని పట్టుబట్టాడు. లోడర్‌కి ఉన్నది చారెడు చోటు. బొమ్మ కావాలా, పాలు కావాలా అని ఖాదర్ గారు అడిగితే రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు గేదె బొమ్మ స్టిక్కర్లు ప్రింటు చేయించి తనే డబ్బాల మీద అంటించుకున్నాడు.

ఇన్వర్టర్

మిగతా ఊళ్ళలో లోడర్ రాసేవాళ్ళకి లేని భాగ్యం మాకొకటుండేది. అది కరెంటు కోత. మిగతాచోట్ల కంప్యూటర్ రోజుకోసారి స్టార్ట్ అవుతుంది. మన పల్లెల్లో పదిసార్లు స్టార్ట్ అవ్వాలి. పైగా కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా రాదు. వచ్చి, పోయి, ట్యూబ్‌లైటు నాలుగుసార్లు కొట్టుకుని, ఇక రాదేమో అనుకుంటుండగా వచ్చి నిలబడుతుంది.

మా షెడ్డులోనూ అంతే. టెస్టు బెంచీ మీద ఎప్పుడూ ఎనిమిది డబ్బాలు ఆన్‌లో ఉండేవి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరు ఏ పనిలో ఉన్నా తలెత్తి ఎన్ని పచ్చలైట్లు వెలిగాయో లెక్కపెట్టేవాళ్ళం. ఎనిమిదీ వెలిగితే మళ్ళీ పనిలో పడేవాళ్ళం. ఏడే వెలిగితే ఆ పూట ఇంకో పని లేదు. పక్కన లారీ షెడ్ల వెల్డింగులతో మా కరెంటు ఇంకా అధ్వాన్నంగా ఉండేది. మా డబ్బాల్ని రోజూ పరీక్షించి పెట్టే ఆ కరెంటుకి మేం జీతం లేని ఉద్యోగి అని పేరు పెట్టుకున్నాం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వేసవిలో ఖాదర్ గారు కంటి ఆపరేషన్‌కి నెల సెలవు పెట్టాడు. అదే నెలలో, ఎండలకు మేం మాడిపోతున్నామని జాలిపడి, ప్రసాదరావు గారు షెడ్డుకి పెద్ద ఇన్వర్టర్ పెట్టించాడు. ఫ్యాన్లు ఆగడం లేదు. అందరం ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టినంత పనిచేశాం. ఎలక్ట్రీషియన్ టెస్టు బెంచీని కూడా దానికే కలిపేసి వెళ్ళిపోయాడు. ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు. నాకూ తోచలేదు.

నా తెలివి

అప్పటికి ఫ్లాపీలు పోయి చిప్పు డిస్కులు వచ్చాయి. ప్రతి డబ్బాలో సిస్టం ఫైల్ కాపీలు రెండు పెట్టేవాళ్ళం, కొత్తది, పాతది. కొత్తది పాడైతే లోడర్ పాతదాన్ని తెస్తుంది. అయితే ఒక చిక్కుండేది. కొత్త ఫైల్ చక్కగా లోడయి, నడవడం మొదలుపెట్టాక బిగుసుకుపోతే, లోడర్‌కి తెలిసే మార్గం లేదు. అది అప్పటికే అప్పగించేసి వెళ్ళిపోయింది.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అప్పగించేముందు లోడర్ డిస్కు మీద ఒక అంకె పెంచుతుంది. సిస్టం సవ్యంగా నడిస్తే ఆ అంకెని చెరిపేస్తుంది. అంకె మూడుకి చేరిందంటే కొత్త ఫైల్ మూడుసార్లు బిగుసుకుపోయిందన్నమాట, లోడర్ పాతది తెస్తుంది. ఆ అంకెని ఎక్కడ పెట్టాలి? ఫైళ్ళ పేర్ల జాబితా ఉండే ముక్క ఎలాగూ అప్పటికే మెమరీలో ఉంటుంది కదా, దాని చివర ఖాళీలో పెట్టాను. మొత్తం పదకొండు లైన్లు.

నియమం గుర్తుంది. లోడర్ రాయకూడదు. కానీ ఒక్క అంకె కదా అనుకున్నాను. ఎదురుగా డిస్కుగా కూర్చోవడానికి ఖాదర్ గారు లేడు, ఇంకెవరూ కూర్చోరు. బెంచీ మీద రెండు వారాలు ఎనిమిది లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. ఆయన తిరిగొచ్చాక చూపించి మెప్పు పొందాలని ఉబలాటపడ్డాను. ఈలోగా ప్రసాదరావు గారు తొందరపెడితే కేంద్రాలకు పంపించేశాం.

మే నెల మధ్యాహ్నం

పామర్రు దాటి కూచిపూడి వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. అక్కడి పాల కేంద్రాన్ని నాగేంద్రమ్మ గారని ఒకావిడ నడిపేది. పొద్దున్నే ఊరివాళ్ళు పోసిన పాలు ట్యాంకులో ఉన్నాయి. మధ్యాహ్నం కరెంటు పోయి, కొట్టుకుని కొట్టుకుని వచ్చింది. ఫ్యాను తిరిగింది కాబట్టి ట్యాంకు కూడా నడుస్తోందనే ఆవిడ అనుకుంది. అది న్యాయమే, అన్నాళ్ళూ అలాగే నడిచింది. మా డబ్బా స్క్రీన్ మీద మాత్రం సిస్టం ఫైల్ దొరకలేదని ఒక్క లైను నిలబడి ఉంది. కంప్రెసర్ తిరగలేదు. సాయంత్రం పాలకి మూత తీస్తే వాసన వచ్చింది. ఊరి పాలన్నీ మురుగు కాలవలో పోశారు.

ఆ వారంలోనే ఇంకో రెండు చోట్ల అలాగే జరిగింది.

ప్రసాదరావు గారు అందర్నీ పిలిచాడు. ఖాదర్ గారు ఆరోజే నల్లకళ్ళద్దాలతో సెలవు నుంచి వచ్చాడు. ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఓనరు లోపల మాతో అన్నాడు: "లోడర్ పాతబడిపోయింది. ఆయనా పెద్దవాడయ్యాడు, కళ్ళూ పోయినయ్యి. బయట నుంచి వేరే లోడర్ తెచ్చుకుందాం. ఖాదర్ గారిని ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోమందాం. నేనే చెప్తాలే, మీరెవరూ మాట్లాడొద్దు."

నేను మాట్లాడలేదు. నా పదకొండు లైన్ల మీద నాకప్పటికి పూర్తి అనుమానం కూడా లేదు, అది నిజమే. కానీ కొంచెం ఉంది. ఆ కొంచెం అనుమానాన్ని నోట్లో కుక్కుకుని బయటకి వచ్చాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు సిగ్గనిపించే రోజు ఏదైనా ఉంటే ఆ ఉదయమే.

కరెంటు పాత్ర

ఖాదర్ గారికి అప్పటికే విషయం అర్థమైంది. గోడ అవతల మాట వినపడకుండా ఉండడానికి మాదేమన్నా బంగళానా? ఆయన మాత్రం ఆ ప్రస్తావన తేలేదు. "డాక్టర్ గారు ఇంకో నెల ఏమీ చదవొద్దన్నారమ్మా. ప్రింటు తియ్యి. నువ్వు చదువు, నేను వింటాను. ఇవాళ నేను డిస్కుని కాదు, కరెంటుని."

ఎదురుగా కూర్చుని చేతిలో పెన్సిలు పట్టుకున్నాడు. నేను ఒక్కో లైను ఏం చేస్తుందో చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఆయన పెన్సిలుతో బల్లమీద కొట్టి "పోయింది" అనేవాడు. అంటే సరిగ్గా ఆ లైను దగ్గర కరెంటు పోయిందని. అప్పుడేమవుతుందో నేను చెప్పాలి.

"జాబితా చదువుతుందండి."

"పోయింది."

"ఏం కాదండి. మళ్ళీ వచ్చినప్పుడు మొదటినుంచి చదువుకుంటుంది."

"మొదటి ముక్క మెమరీలోకి తెస్తుందండి."

"పోయింది."

"మెమరీలోదే పోతుంది. డిస్కు మీద అలాగే ఉంటుంది. మళ్ళీ తెస్తుంది."

ఇలా ముప్పై పేజీలు. ఎక్కడ కొట్టినా ఒకటే జవాబు వస్తోంది. ఏం కాదు, మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు, చేరిన ఇన్నేళ్ళకి, ఆ నియమం ఎందుకో నాకు అర్థమైంది. రాయని లోడర్‌ని కరెంటు ఏమీ చేయలేదు. ఎన్నిసార్లు చంపినా అది పోగొట్టుకునేది ఏమీ లేదు. ఆ మనిషి మన కరెంటుని చూసి, మన పల్లెల్ని చూసి, మొత్తం కోడ్‌ని అలా కట్టాడు. ఆయన మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. దాంతోపాటే భయం కూడా వేసింది, ఎందుకంటే పేజీ తిప్పితే వచ్చేవి నా పదకొండు లైన్లు.

ఆయనకి కనపడదు. నేను రెండు పేజీలు కలిపి తిప్పేస్తే ఎవరికీ తెలియదు. ఇంటికెళ్ళి ఆ లైన్లు తీసేసి, అంతా బాగుచేశానని చెప్పొచ్చు. ఆయన లోడర్ పాతబడిపోయిందన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. నిజం చెప్తున్నాను, నా వేలు రెండో పేజీ అంచు మీదకి వెళ్ళింది.

"ఏమ్మా, ఆగిపోయావు?"

"ఇక్కడ... జాబితా ఉన్న ముక్కని డిస్కు మీద తిరిగి రాస్తుందండి."

పెన్సిలు గాల్లోనే ఆగింది. "రాస్తుందా?"

"రాస్తుందండి. నేను పెట్టాను. మీరు సెలవులో ఉండగా."

ఆయన పెన్సిలుని మళ్ళీ సరిగ్గా పట్టుకున్నాడు. తర్వాత, అంతకుముందుకన్నా మెల్లగా, బల్లమీద కొట్టాడు. "పోయింది. చెప్పమ్మా, ఏమవుద్ది?"

"సగం రాసిన జాబితా మిగులుతుందండి. రెండు ఫైళ్ళూ డిస్కు మీదే ఉంటాయి కానీ పేర్లు ఉండవు. ఒక్కటీ దొరకదు." చెప్తుండగానే ఏడుపొచ్చేసింది.

ఆయన నా ఏడుపు ఆగేదాకా కూర్చుని, ఆ ఉపాయం మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు. "ఆలోచన చాలా బాగుందమ్మా. నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. చోటే బాగోలేదు. గడియారం చిప్పులో బ్యాటరీ మీద బతికే గదులు కొన్ని ఖాళీగా ఉన్నయ్యిగా? అంకె అక్కడ పెట్టు. డిస్కు జోలికి పోనక్కర్లా. ఇంకోటి, మూడు చాలదు, పది పెట్టు. మన కరెంటు కొట్టుకోడంలోనే మూడైపోతయ్యి."

అంతే అన్నాడు. నేను ఉండబట్టలేక "నన్ను తిట్టండి" అన్నాను.

"తిట్టడానికి ప్రసాదరావు గారున్నారుగా. వెళ్ళి చెప్పు."

వెళ్ళి చెప్పాను. ప్రసాదరావు గారు ఆటోనగర్ అంతా వినపడేలా అరిచాడు. అరవడం అయ్యాక బయటికొచ్చి, ఖాదర్ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "పొరపాటు మాట అన్నానండీ" అన్నాడు. ఎంతమంది ఓనర్లు అలా నిలబడతారు? ఆరోజే ఎలక్ట్రీషియన్ని పిలిపించి టెస్టు బెంచీని ఇన్వర్టర్ నుంచి ఊడదీయించాడు. దానివల్ల ఆ రెండు వారాలూ బెంచీకి కరెంటు పోనేలేదు, నా తప్పు బయటపడనేలేదు. లోడర్ కొనే మాట మళ్ళీ ఎత్తలేదు. ఖాదర్ గారు ఇంకో నాలుగేళ్ళు పనిచేసి, తనంతట తాను మానేశాడు. లోడర్ నా చేతికొచ్చింది.

నాగేంద్రమ్మ గారు

ఆ వేసవిలోనే, సరిచేసిన డబ్బా పెట్టడానికి నన్నే వెళ్ళమన్నారు. కేంద్రంలో పాలు పోసేవాళ్ళు పదిమంది నిలబడి ఉండగా, తప్పు నాదేనని నాగేంద్రమ్మ గారికి చెప్పాను. జాబితా, అంకె, కరెంటు, అన్నీ వివరించబోయాను.

"మీరు చెప్పేది నాకు సగం కూడా తెలవలేదు మేడం గారూ. కరెంటు వస్తే ఇది పనిచేసిద్దా, చెయ్యదా? అది చెప్పండి."

"చేస్తుందండి."

"మొన్న పెట్టినప్పుడు కూడా మీవోళ్ళు ఇట్టాగే అన్నారు."

పక్కనున్న ఒక పెద్దావిడ ఖాళీ క్యాను పట్టుకుని నన్నే చూస్తోంది. ఆవిడ తిట్టుంటే బాగుండేది.

నేనక్కడ ఉండగానే కరెంటు పోయి వచ్చింది. నాగేంద్రమ్మ గారు పాలు కొలవడం ఆపి, చేతులు కడుక్కుని, లేచి, వెనక గదిలోకి వెళ్ళి, పచ్చలైటు వెలిగిందో లేదో చూసి, మళ్ళీ వచ్చి కూర్చుంది. వరసలో ఉన్నవాళ్ళంతా ఆగారు. రోజుకి పదిసార్లు కరెంటు పోతే ఆవిడ పదిసార్లు లేవాలి. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయట. నేను రాసిన పదకొండు లైన్లు ఆవిడకి తెచ్చిన కొత్త పని అది.

ఆ తర్వాత నేను ఏదో ఒక సాకుతో ఆ ఊరు వెళ్తుండేదాన్ని. నాట్ల రోజుల్లో వెళ్ళాను. కరెంటు వచ్చింది, ఆవిడ లేచింది. కోతలప్పుడు వెళ్ళాను, లేచింది. డబ్బా ఒక్కసారి కూడా ఆగలేదని రికార్డు తీసి చూపించాను. "మంచిదేగా" అంది, మళ్ళీ కరెంటు వస్తే మళ్ళీ లేచింది. నేను తప్పుపట్టలేదు. నేనైనా లేచేదాన్నే.

మీరు ఇప్పుడు రాసే లోడర్లు మా కోడ్‌కి వంద రెట్లు పెద్దవని విన్నాను. నెట్‌వర్కు నుంచి ఫైళ్ళు తెస్తాయట, ఫైల్ అసలుదో కాదో తేల్చే సంతకాలు సరిచూస్తాయట, బొమ్మలు కూడా చూపిస్తాయట. సంతోషమే. కానీ ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని, ప్రతి లైను దగ్గరా "పోయింది" అనిపించుకోండి. జవాబు లేని లైను దొరికితే అక్కడితో ఆగండి. నేను నేర్చుకున్నదాంట్లో మీకు పనికొచ్చేది ఇదొక్కటే. మిగతావన్నీ మారిపోయాయి.

పాలు పోయిన మరుసటి ఏడు, మళ్ళీ వేసవి వచ్చింది. వేరే కేంద్రంలో పని చూసుకుని, సాయంత్రం పాల వేళకి ఆ ఊళ్ళో దిగాను. నాగేంద్రమ్మ గారు ముక్కాలిపీట మీద కూర్చుని పాలు కొలుస్తోంది. ఎదురుగా ఉన్నావిడ తన గేదె రెండ్రోజులుగా మేత ముట్టడం లేదని చెప్తోంది. కరెంటు పోయింది. కాసేపటికి ట్యూబ్‌లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగోసారి నిలబడింది. నేను లెక్కపెడుతున్నాను. అరనిమిషానికి వెనక గదిలో కంప్రెసర్ చప్పుడు మొదలైంది.

నాగేంద్రమ్మ గారు చేతిలో కొలత గిన్నె దించలేదు. "దానికి గొంతువాపేమో, డాక్టర్ని పిలిపించు" అని ఎదుటావిడకి చెప్తూ, తర్వాతి క్యాను ముందుకు లాక్కుంది. తల కూడా వెనక్కి తిప్పలేదు.

నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆవిడ నన్ను అప్పుడు చూసింది.

"ఏంటండీ మేడం గారూ, అట్టా నిలబడ్డారు? ఏమన్నా పనుండి వచ్చారా?"

"ఏం లేదండీ" అన్నాను.